నల్లకారుకు మంచినీళ్ళు

కారు మీద పడే తెల్ల చుక్కలను చూసి ఏడ్చేవాళ్ళంత అమాయకులు ఈ లోకంలో లేరు!

బోరు నీళ్ళతో కారు కడుగుతాం. ఎండకు నీళ్ళు ఆరిపోతాయి. వాటిలో ఉన్న సున్నం మాత్రం పిలవని చుట్టంలా కారు మీదే చతికిలబడుతుంది. అదే చుక్క. దానికింత గోలెందుకు? పసిపిల్ల బుగ్గన ఒక్క దిష్టిచుక్క పెట్టడానికి తల్లి కాటుక భరిణె కోసం ఇల్లంతా వెతుకుతుంది. మనకు వెయ్యి చుక్కలు ఊరికే వచ్చి పడుతున్నాయి! అదీ నల్లకారుకు తెల్లటివి. ఇంతకంటే ఏం కావాలి?

ముగ్గు ఖర్చు కూడా మిగులుతుంది. చుక్కలు భగవంతుడే పెట్టేశాడు, కలుపుకోవడం ఒక్కటే మన పని. మా వీధి రాసాత్తి ఒకసారి కారు బానెట్ మీదికి వంగి చూసి, "ఇది తామరపువ్వు ముగ్గే, ఎడమ పక్క ఒక వరస తప్పింది" అని తేల్చేసింది.

కారు దొంగల పాలయిందనుకోండి. "నల్లకారండీ" అంటే పోలీసులు ఏ నల్లకారని వెతుకుతారు? "ముందు తలుపు మీద మేక ఆకారంలో చుక్కలున్న నల్లకారు" అని చెప్పండి, సాయంత్రానికి ఇంటి ముందుంటుంది!

ఇన్ని లాభాలున్నా చెవిన పెట్టని మనిషి మా ఊరు కాంగేయంలో ఒకడున్నాడు. కొబ్బరినూనె మిల్లు నాచిముత్తు. ఈమధ్యే నల్లకారు కొన్నాడు. అతని భార్య పావాయికి చాలాకాలంగా నడుములో ఒక పక్క పోటు. "కిడ్నీలో ఇసక రేణువంత ఉందమ్మా. మంచినీళ్ళు బాగా తాగితే పోతుంది, తాగకపోతే రాయవుతుంది" అని డాక్టరు ముందే చెప్పాడు.

మా ఊళ్ళో నీళ్ళు రెండు రకాలు. బోరులోంచి వచ్చేవి ఉప్పునీళ్ళు. వాటిలో పప్పు ఉడకదు, టీ పెడితే పాలు విరిగిపోతాయి. పది రోజులకోసారి కుళాయిలో సన్నగా వచ్చే ఏటి నీళ్ళు మంచినీళ్ళు. నాచిముత్తు ఇంటికి రెండు బిందెలు వస్తాయి. ఎందుకంత తక్కువని కుళాయి వదిలేవాళ్ళను అడగాలంటే గొంతు పెద్దది కావాలి. అందుకని ఎవరూ అడగరు.

ఇంతలో కారుకు పాలిష్ కొట్టడానికి కోయంబత్తూరు నుంచి సెల్వరాసు వచ్చాడు. ఆ ఊళ్ళో ఏ కుళాయి తిప్పినా తియ్యటి నీళ్ళే. అతను పోతూ పోతూ అన్నాడు: "నీడలో కడగండన్నా. ఆరకముందే మెత్తటి గుడ్డతో తుడిచేయండి. నీళ్ళు మాత్రం మంచి నీళ్ళు వాడండి."

అతను చెప్పింది మంచి నీళ్ళు, అంటే శుభ్రమైనవి. నాచిముత్తు విన్నది మంచినీళ్ళు. మధ్యలో ఉన్న ఖాళీ చెవికి వినపడదు కదా!

ఆ రోజు నుంచి రెండు బిందెలూ కారుకే. కుళాయి వచ్చిన పొద్దున మిల్లు షెడ్డు నీడలో కారు స్నానం మొదలవుతుంది. నాచిముత్తు చెంబుతో పోస్తాడు. పావాయి వెనకే తుడవాలి.

"తుడువు, తుడువు! ఆరిపోతోంది!"

"ఆరితే ఆరనివ్వండి, ఇదేమన్నా వడియమా?"

"మాట్లాడితే ఊపిరి తగిలి ఇంకా తొందరగా ఆరుతుంది. నోరు ముయ్యి!"

పావాయి ఉక్కకు కొంగుతో విసురుకుంది. అతను చెంబు వదిలేసి పరుగెత్తుకొచ్చాడు.

"విసరకే! గాలి!"

"చెమట పోస్తోందండీ."

"చెమటా? అందులో ఉప్పుంటుంది! కారుకు దూరంగా ఉండు."

ఆమె దూరంగా జరిగి, బిందెలోకి తొంగి చూసి, అడుగున ఉన్న నీళ్ళను చెయ్యి పెట్టి చూపించింది.

"ఒక్క చెంబు ఉంచండి. తాగాలి."

"డిక్కీ ఇంకా అవలేదు. బోరు నీళ్ళు తాగు, అవి నీళ్ళు కావా?"

"డాక్టరు మంచినీళ్ళన్నాడు కదా."

"సెల్వరాసూ మంచినీళ్ళనే అన్నాడు."

"మరి నేను?"

"నీకు పెయింట్ లేదు కదే!"

ఈ వాదానికి జవాబు మీ దగ్గరుందా?

కారు మాత్రం దివ్యంగా ఉండేది. చూడ్డానికి చుట్టాలు వచ్చేవారు. విరిగిన టీ తాగుతూ, తలుపులో తమ ముఖం చూసుకుని క్రాఫు సరిచేసుకునేవారు. ఒకాయన తలుపు ముందు నిలబడి మీసానికి రంగు కూడా వేసుకున్నాడు.

ఒకరోజు పావాయి వంటింట్లోనే మెలితిరిగిపోయింది. ఆ కారులోనే ఆసుపత్రికి తీసుకెళ్ళారు. స్కానింగ్ బొమ్మను డాక్టరు వెలుతురుకు పట్టి చూపించాడు. నల్లటి ఫిల్ము మీద తెల్లటి చుక్క.

నాచిముత్తు ఫిల్ము మీదికి వంగాడు. నల్లదాని మీద తెల్లచుక్కంటే ఏమిటో అతనికి తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు?

"ఇది తుడిస్తే పోతుందాండీ?" అన్నాడు.

"తుడవడం కాదయ్యా! ఇంకా చిన్నదే. మంచినీళ్ళు తాగితే పడిపోతుంది. లేదంటే ఆపరేషన్. ఏ నీళ్ళు తాగుతున్నావమ్మా?"

"ఉప్పునీళ్ళేనండీ" అంది పావాయి. "మంచినీళ్ళు మా కారు తాగుతుంది."

దారి పొడుగునా నాచిముత్తు సణుగుతూనే ఉన్నాడు. డాక్టరు ముందు పరువు తీసిందట. కారుకు చెడ్డపేరు తెచ్చిందట.

కుళాయి మళ్ళీ వచ్చింది. అతను చెంబు, గుడ్డ తీసుకుని షెడ్డులోకి వచ్చేసరికి బిందెలు లేవు. పావాయీ లేదు. నాలుగు తలుపులూ లోపలినుంచి గడియపడి ఉన్నాయి. వెనక సీట్లో రెండు బిందెలు, రెంటికీ సీటు బెల్టు. మధ్యలో గ్లాసుతో పావాయి!

"ఏమే! నీళ్ళు కారుకే!"

అద్దం కొంచెం కిందికి దిగింది.

"కారుకేనండీ పోస్తున్నాను. ఇన్నాళ్ళూ బయటివైపు కడిగారు కదా, ఇవాళ లోపలివైపు."

అద్దం పైకి వెళ్ళిపోయింది. గటగట తాగుతున్న చప్పుడు బయటికే వినిపించింది. రాసాత్తి గోడ మీద నుంచి చూసి, "నిదానంగా తాగవే, పొరబోతుంది!" అని కేకేసింది.

నాచిముత్తు కారు చుట్టూ ప్రదక్షిణ చేశాడు. బతిమాలాడు. బెదిరించాడు. ఎండ షెడ్డులోకి వస్తోంది, కారు నిండా నిన్నటి దుమ్ము. చివరికి చేసేది లేక బోరు పైపు విప్పి దాని మీద పట్టాడు. తుడిచే మనిషి లోపలుంది. బానెట్ మీద నీళ్ళు ఆరడం మొదలెట్టాయి.

పాఠకులారా, మొదట చెప్పినదే మళ్ళీ చెబుతున్నాను. కారు మీద చుక్కలు వరమే. మా ఊరి నీళ్ళలో ఉన్న సున్నం ఎక్కడో ఒకచోట పేరుకోక తప్పదు మరి!

"చుక్కలు పడుతున్నాయే!" అని నాచిముత్తు అద్దం మీద దబదబ బాదాడు.

పావాయి ఇంకో గ్లాసు నింపుకుంటూ లోపలినుంచే అరిచింది.

"పడనివ్వండి! దానికి నడుములో పోటు రాదులే!"