మా ఊరి పంచరు పెట్టె

1986 మార్చిలో మా ఊరి యువజన సంఘం ఒక చారిత్రక నిర్ణయం తీసుకుంది. ఇకమీదట మా ఊరివాడెవడూ సైకిలు పంచరై ఉద్యోగం పోగొట్టుకోకూడదు.

అప్పటికే ఒకటి పోయింది. మరియదాసు గుంటూరు ఇంటర్వ్యూకి వెళ్తుంటే చక్రంలో తుమ్మముల్లు దిగింది. నడిచి చేరేసరికి ఆఫీసువాళ్ళు భోజనానికి లేచారు. ఇప్పుడు పత్తి గింజలు తీసే జిన్నింగు మిల్లులో గుమస్తా పనికి మళ్ళీ పిలుపొచ్చింది, సోమవారం పదింటికి. వయసు దాటిపోతోంది కనక ఇదే ఆఖరిది.

దారిలో తీసుకెళ్ళే రిపేరు సామాను ఎంపికకు తొమ్మిదిమందితో కమిటీ పడింది. అధ్యక్షులు అంకమ్మరావుగారు సైకిలెక్కి ఇరవయ్యేళ్ళయింది కనక ఆయన నిష్పాక్షికతను ఎవరూ శంకించలేదు.

ముందు పంచర్లేసే జాన్ బాషాని పిలిచారు.

"సొల్యూషన్ ట్యూబు, నాలుగు రబ్బరు ముక్కలు, గరుకు కాగితం, టైరు ఊడదీయడానికి రెండు చెంచాలు, చేతిపంపు. చేతిసంచీలో పడతాయండీ."

"అంతేనా?" అధ్యక్షులు చిన్నబోయారు.

"పంచరుకి అంతేనండీ."

పంచర్ల మీద బతికేవాడి మాట పంచర్ల విషయంలో చెల్లదని తీర్మానించి పంపేశారు.

కమిటీలో ఉన్న చర్చి పెద్ద తోమాగారు ట్యూబు ముంచి చూడ్డానికి బేసిను కావాలన్నారు. దారంతా కాలవేగా అని ఎవరో అంటే, "కాలవ మనూరిదా?" అని బిందెడు నీళ్ళు కూడా చేర్పించారు. కమ్మరి ఆదెయ్య టైరు, సుత్తి, ఇనుము పెట్టి సాగగొట్టే దాగలి రాయించాడు. "అసలు సైకిలే పోతే?" అన్న అధ్యక్షుల ప్రశ్న వచ్చే సమావేశానికి వాయిదా పడింది.

ఇదంతా అధ్యక్షులవారి ఇనపపెట్టెలో సర్దాలి. నిన్నమొన్నటిదాకా అందులో ఎండుమిరపకాయలుండేవి. మూత తీయగానే తొమ్మిదిమందిమీ తుమ్మాం. ఏకగ్రీవ ఆమోదమని మినిట్సులో రాశాం.

"అన్నా, ఇది నేను మొయ్యలేను," అన్నాడు మరియదాసు.

"ఒరేయ్, నీ భారం ఊరంతా మోస్తుంటే నువ్వో పెట్టె మొయ్యలేవా?" అన్నారు అధ్యక్షులు.

సోమవారం పాస్టరుగారు పెట్టెకు ప్రార్థన చేశారు. ఎందుకైనా మంచిదని ఎవరో కొబ్బరికాయా కొట్టారు. అధ్యక్షులు ప్రసంగించారు. ఆరింటికి కదలాల్సినవాడు ఏడున్నరకి కదిలాడు. రెండో కిలోమీటరు దాటకుండానే పెట్టె బరువుకి వెనక చక్రం పంచరైంది. పెట్టెకు తాళం ఉంది. అంత విలువైన తాళంచెవి దారిలో పోకూడదని అధ్యక్షుల మొలతాడుకి కట్టి ఉంది.

వెనకే వస్తున్న జాన్ బాషా చేతిసంచీ విప్పి పావుగంటలో అతుకేశాడు.

"పెట్టె ఎక్కిస్తే మళ్ళీ పంచరే. దింపేసి పోరా! ఇంకా ఎనిమిదిన్నర కాలేదు."

"ఎట్టా పోను బాషా అన్నా? తిరిగి అప్పగిస్తానని సంతకం పెట్టా."

"నేను కాపలా కూచుంటాలే."

"కమిటీలో లేనోళ్ళకి ఇవ్వకూడదని కూడా రాశారు."

"అయితే నెత్తిన పెట్టుకు ఊరేగు!" అని బాషా వెళ్ళిపోయాడు.

మరియదాసు పెట్టె మీద కూచున్నాడు. పది దాటింది. సాయంత్రం పత్తి బండి వాణ్ణీ పెట్టెనీ ఊళ్ళోకి తెచ్చింది.

పెట్టెకు గీత కూడా పడనందుకు కమిటీ హర్షం ప్రకటించి దానికి దండ వేసింది. అనధికారికంగా పంచరు వేసిన జాన్ బాషా చర్యను ఖండించింది. ఖాళీగా ఉన్నాడు కనక మరియదాసును పెట్టెకు గౌరవ కాపలాదారుగా నియమించింది.

నవ్వకండి. మీ ఊళ్ళో పెట్టె ఎక్కడుందో మీకు తెలుసు. తాళంచెవి ఎవరి మొలతాడుకి ఉందో కూడా తెలుసు. మూత తీసిన రోజున మీరూ తుమ్మారుగా.