నమూనాకు గుప్పెడు సంగీతం

ఒక సంగీతం మంచిదో చెడ్డదో తేల్చడానికి దాన్ని వినడం తప్పనిసరి కాదని బీదరులో అధికారికంగా నిర్ణయమైన ఆదివారం నాడు, వామన్‌రావు ఇంట్లో ఉన్నవారు వీరు: పప్పుల హోల్‌సేల్ వ్యాపారి, సంగీత పరిశీలక సంఘం అధ్యక్షుడు వామన్‌రావు; పక్క దుకాణం యజమాని, సంఘం కార్యదర్శి వెంకట్‌రావు; బొంబాయిలో చదువు ముగించుకుని, చంకలో ఒక రికార్డుతో దిగిన వెంకట్‌రావు కొడుకు జ్ఞానేశ్వర్; వంటింట్లో వామన్‌రావు భార్య శాంతాబాయి; మన్నళ్ళి ఊరి బడిలో ఉన్న తరగతులన్నీ చదివేసి, పై చదువు సంగతి తేలేదాకా చాయ్ అందించడానికి మేనమామ ఇంటికి వచ్చిన వసుమతి. (నిబంధనల ప్రకారం చివరి ఇద్దరూ ఇంట్లో ఉన్నట్టే గాని, సభలో ఉన్నట్టు కాదు.)

సంఘంలో సభ్యులకన్నా నిబంధనలు ఎక్కువ. తీర్మానం తెలుగులో రాయాలి, ముద్ర కన్నడలో వేయాలి, తగాదా ఉర్దూలో పడాలి. నిజాం పాలన పోయి మైసూరు రాష్ట్రం వచ్చాక ఏ భాష మనసూ నొప్పించకుండా నడుస్తున్న సంస్థ ఇదొక్కటేనని వెంకట్‌రావు నమ్మకం. సంఘానికి నచ్చని రికార్డు మర్నాటి బస్సులో కొన్న దుకాణానికి వాపసు పోతుంది.

ఆనాటి సరుకు విదేశీ వాద్యబృందానిది. బొంబాయిలో దాన్ని నవీన సంగీతం అంటారట. జ్ఞానేశ్వర్ గ్రామఫోను మీద ముల్లు పెట్టాడు. ఎక్కడో దూరంగా ఒక డోలు. దాని మీద ఫిడేళ్ళన్నీ దేని దారిన అది గీరుకున్నాయి. డోలు దగ్గరికి రాసాగింది.

చాయ్ పళ్ళెంతో వసుమతి నడిమి తలుపు దగ్గర ఆగిపోయింది. భజనలో రెండో చరణం ఏమిటో మొదటిది అవకముందే ఆమెకు తెలిసిపోతుంది. ఇక్కడ తర్వాత ఏం జరుగుతుందో తెలియడం లేదు. అట్లా తెలియకపోవడం ఇంత బాగుంటుందని కూడా ఆమెకు ఇంతవరకు తెలియదు. డోలు ఇంకా దగ్గరికి వచ్చింది. ఇప్పుడో ఇంకాసేపటికో ఏదో—

"ఆపు," అన్నాడు వామన్‌రావు.

పప్పు వ్యాపారంలో బస్తా ఎవరూ విప్పరు. ఇనుప గొట్టం గుచ్చి పైనుంచి గుప్పెడు, నడుమ గుప్పెడు, అడుగున గుప్పెడు తీసి అరచేతిలో చూస్తారు. పంటనంతా అట్లా తేల్చిన చేతికి పాట ఒక లెక్కా? పై గుప్పెడు అయింది కనుక ముల్లును నడుమ పెట్టించాడు. అక్కడ వాద్యాలన్నీ మౌనంగా ఉన్నాయి.

"సరుకే లేదు," అన్నాడు వెంకట్‌రావు. "తూకంల మోసం."

"అది నిశ్శబ్దం, బాపూ. సంగీతంల భాగమే."

"ఖాళీ బస్తకు పప్పు ధర కట్టమంటవా?"

అడుగు గుప్పెడు తీశారు. వాద్యాలన్నీ ఒకేసారి అరిచాయి. శాంతాబాయి వంటింట్లోంచి, "ఏం పడ్డదే?" అని కేకేసింది.

"పప్పుల రాళ్ళుంటయి, చూసినం," అన్నాడు వామన్‌రావు. "ఇది రాళ్ళల్ల పప్పు."

"కాకా, మొత్తం వినాలె."

"బస్త మొత్తం వండుకొని తిన్నంక కొంటమా? సరే గని, నువ్వు మొత్తం విన్నవా?"

జ్ఞానేశ్వర్ కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "రికార్డు అట్ట వెనక ఉన్నదంతా చదివిన."

(చదివినవాడి అభిప్రాయం విన్నవాడి అభిప్రాయంతో సమానమని నిబంధనల్లో ఉంది. కాబట్టి అతని వాదన గంభీరంగా స్వీకరించి, తోసిపుచ్చారు.)

వెంకట్‌రావు వాపసు తీర్మానం రాయడం మొదలుపెట్టాడు. రేపు బస్సు పోతుంది. డోలు ఏం చేయబోయిందో వసుమతికి ఇక ఎప్పటికీ తెలియదు. రాని తుమ్ములా అది ఆమె లోపల ఎక్కడో ఆగి ఉంది. ఆ గదిలో ఆమె ఇంతవరకు నోరు విప్పలేదు.

"మామా... ఆ డోలు తర్వాత ఏమైతది?"

సభలో బాగుందని, బాగాలేదని అనడం విన్నారు గాని, తర్వాత ఏమవుతుందని సంఘం చరిత్రలో ఎవరూ అడగలేదు. ఇది అనుకూలమా, వ్యతిరేకమా? వెంకట్‌రావు కలం గాలిలో ఆగింది.

"పోరి బస్త అడుగున ఏమున్నదని అడుగుతాంది," అన్నాడు వామన్‌రావు మెల్లగా. అతని ముఖం మారిపోయింది. కొనడానికి వచ్చినవాడు అడుగున ఏముందని నోరు తెరిచి అడిగితే, బస్తా వాడి కళ్ళ ముందు గుమ్మరించాల్సిందే. గుమ్మరించని దుకాణానికి ధాన్యం అమ్మే గంజ్‌లో పరువుండదు. "మా తాత కాలంనుంచి అడిగినోనికి లేదన్లే. గుమ్మరించు, జ్ఞానూ. మొత్తం."

"శానా మంచి ప్రశ్న అడిగినవమ్మా!" అన్నాడు జ్ఞానేశ్వర్. గౌరవంగా లేచి నిలబడ్డాడు కూడా. "ఈ ఊర్ల నవీన సంగీతం అర్థమైంది నీకొక్కదానికే."

వసుమతి పళ్ళెం కింద పెట్టి, గడపకు వంటింటి వైపున గోడకు చేరగిలి కూర్చుంది. శాంతాబాయి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, పళ్ళెం తీసుకుని వెళ్ళిపోయింది. తీర్మానం కొట్టివేశారు. సభ్యులు వీపులు నిటారు చేసుకున్నారు. జ్ఞానేశ్వర్ రికార్డును మెత్తటి గుడ్డతో తుడిచి, ముల్లును మళ్ళీ మొదట్లో పెట్టాడు. దూరంగా డోలు మొదలైంది.

అతను మునివేళ్ళ మీద నడిచి తలుపు దగ్గరికి వచ్చాడు.

"ఏమనుకోకు, వసుమతీ," అన్నాడు ఎంతో మర్యాదగా. "దీనికి ఏకాగ్రత కావాలె. నడుమ ఎవరన్న ఉంటే విననీకి కాదు."

తలుపు వేసి లోపలినుంచి గొళ్ళెం పెట్టాడు. మంచి టేకు తలుపు. దాని గుండా సంగీతం రాలేదు, ఆ సంగీతం మీద చర్చ మాత్రం మాట పొల్లుపోకుండా వినబడింది.