వెనక చెక్క లేని చతుర్భుజం

ఆఫీసుకు బయలుదేరేలోపు కూతురికి సమాంతర చతుర్భుజ వైశాల్యం నేర్పేద్దామని బీమా గుమాస్తా పొద్దున్నే కూర్చున్నాడు. ఆ రోజే లెక్కల పరీక్ష. భార్య పాలకు వెళ్లింది, ఇల్లు ప్రశాంతంగా ఉంది.

"భూమిని ఎత్తుతో గుణించాలి తల్లీ."

"ఏటవాలు భుజంతో ఎందుకు గుణించకూడదు నాన్నా? అదీ పొడుగే కదా!"

పోయినసారి పిల్ల తప్పింది అక్కడే. చెప్పి చెప్పి గుమాస్తా నోరెండిపోయింది. అప్పుడు గోడ పక్కనున్న కొత్త పుస్తకాల షెల్ఫ్ కంటబడింది. భార్య ఒక్కతే కూర్చుని జోడించుకున్న షెల్ఫ్ అది. వెనక చెక్క బిగించడం మాత్రం ఆయన వంతు. ఇవాళా రేపూ అని నెట్టుకొచ్చి, నిన్న ఆమె పోరు పడలేక "బిగించేశాను" అనేశాడు. చెక్క ఇంకా మంచం కిందే ఉంది.

"ఇటు చూడు," అంటూ షెల్ఫ్‌ను పక్కకు నెట్టాడు. "భుజాల పొడుగు మారిందా?"

"లేదు... ఎత్తు తగ్గింది! ఇంకొంచెం నెట్టు నాన్నా!"

పిల్ల మొహం వెలిగేసరికి ఆయనకూ ఊపొచ్చింది. ఇంకొంచెం నెట్టాడు. ఆపైన నెట్టే పని లేకుండా షెల్ఫ్ తనంతట తనే పుస్తకాలతో సహా నేలకు కరుచుకుపోయింది.

"సున్నా!" అని చప్పట్లు కొట్టింది పిల్ల.

కింది వాటా పెద్దాయన "భూకంపం!" అంటూ బనీనుతోనే వీధిలో పడ్డాడు. ఆయన్ని చూసి పక్కింటివాళ్లు, వాళ్లను చూసి ఎదురింటివాళ్లు బయటికొచ్చారు. గుమాస్తా పిల్లతో సహా పరుగున దిగాడు. నిజం చెప్పేద్దామనే నోరు తెరిచాడు. అంతలో మలుపు దగ్గర పాలసంచితో భార్య కనబడింది.

"ఊగడమంటే మామూలుగా ఊగలేదండీ! మా షెల్ఫ్ పడిపోయింది!" అనేశాడు.

దాంతో పక్కింటావిడకు తన ఫ్యాను ఊగిన సంగతి గుర్తొచ్చింది. పెద్దాయన గోడ మీద ఎప్పటిదో బీట అందరికీ చూపించాడు. ఎదురింట్లో ఉండే లెక్కల టీచరు ఫోను తీసింది.

"ఇవాళ్టి పరీక్ష వాయిదా వేయమని చెప్తాను."

పిల్ల బావురుమంది. "వద్దు టీచర్! నాకిప్పుడే వచ్చింది, రేపటికి మర్చిపోతాను! అది భూకంపం కాదు. నాన్న నెట్టాడు. భుజాలు అంతే ఉన్నాయి, ఎత్తు తగ్గి తగ్గి వైశాల్యం సున్నా అయిపోయింది. వెనక చెక్క బిగించి ఉంటే అసలు వంగేదే కాదు. అది మంచం కింద ఉంది!"

"ఎంత చక్కగా చెప్పావే! ఎవరు నేర్పారు?" అంది టీచరు.

"మా నాన్న!"

గుమాస్తాకు గర్వంగానూ ఉంది, ఎటైనా పారిపోవాలనీ ఉంది. భార్య పాలసంచి ఆయన చేతిలో పెట్టి, స్క్రూడ్రైవర్ వెతకడానికి మెట్లెక్కింది.

ఆ పూట ఆ వీధిలో సమాంతర చతుర్భుజం అర్థం కానివాళ్లు ఒక్కరూ మిగల్లేదు.