ప్రపంచపు తొలి ట్యాబ్లెట్

ప్రపంచపు తొలి ట్యాబ్లెట్ మార్కాపురంలో పుట్టిందని అధికారికంగా తేలింది. తేల్చింది సమాచార సాంకేతిక చరిత్ర పరిశోధన, పరిరక్షణ సంఘం. ట్యాబ్లెట్‌ను తెలుగులో ఏమంటారని అధ్యక్షుడు ధనుంజయ అడిగాడు. పలక అని సభ్యులు చెప్పారు. పరిశోధన ముగిసింది.

మిగతావన్నీ వాటంతటవే రుజువయ్యాయి. బలపం స్టైలస్. ఎంగిలి డిలీట్ బటన్. గనిలోంచి వచ్చేటప్పుడే ఫుల్ ఛార్జింగ్. కిందపడి పగిలితే రెండు ట్యాబ్లెట్లు. ఇన్నాళ్లూ ఈ సంగతి దాచినందుకు ప్రపంచాన్ని ఖండిస్తూ తీర్మానం చేసి, మ్యూజియం కట్టారు.

ఒక్కటే కొరత. ఊరినిండా పలకలే గానీ అన్నీ ఖాళీవి. డేటా ఉన్న పలక యర్రగొండపాలెంలో ప్రకాశరావు ఇంట్లో దొరికింది.

ప్రకాశరావుకు పరిశోధన మీద గౌరవం లేదు, మనుషుల మీద అంతకన్నా లేదు. ఆయన భార్య సరోజమ్మ మొగుడి పేరు ఎన్నడూ నోటితో పలకలేదు. "ఇదుగో", "నిన్నే" అంటూనే కాపురం గడిపింది. రాత్రిబడిలో చేరిన ఏడు మాత్రం పలక మీద రాసి చూపించింది: పకాశరావు. ర ఒత్తు మర్చిపోయింది. ఆమె పోయాక ఆయన ఆ పలకకు గాజు బిగించి గోడకు తగిలించాడు.

"తుడవకూడదు," అన్నాడు ప్రకాశరావు.

"తుడిచేదానికా మామా మేము సంఘం పెట్టింది? పరిరక్షణ. బోర్డు మీదే ఉంది, చదువుకో," అన్నాడు ధనుంజయ.

"బోర్డు మీద శానా ఉంటాయి."

"నువ్వు పోయినాక పాత సామాన్లోడికి ఏస్తారు. మా కాడుంటే అత్త రాత నూరేళ్లుంటది."

ఆ ముక్క ఒక్కటీ నిజమనిపించి ఇచ్చాడు.

ప్రారంభోత్సవానికి వచ్చిన ముఖ్య అతిథి ఉపన్యాసం అద్భుతం. "సిలికాన్ అన్నా రాయే, పలక అన్నా రాయే. లోయ వాళ్లకుంటే ఉండనీండి, రాయి మనది" అన్నారు. చప్పట్లు ఆగలేదు. జ్యోతి వెలిగించడం పాతబడింది కాబట్టి అక్షరాభ్యాసంతో ప్రారంభిద్దామని అప్పటికప్పుడు తోచింది. ఊరినిండా పలకలున్నాయి, వేదిక మీద మాత్రం ఒక్కటే ఉంది. గాజు తీశారు. సంప్రదాయం తెలిసిన మనిషి గనక అతిథి వేలు తడి చేసుకుని, శుభ్రంగా తుడిచి, 'శ్రీ' అని రాశారు.

ప్రకాశరావు వేదిక ఎక్కాడు. దాత మాట్లాడతాడని మైకు ఇచ్చారు.

"ఏందిరా ఇది?" అన్నాడు.

క్లుప్తతను సభ మెచ్చుకుంది. ధనుంజయ మైకు మూసి భుజం తట్టాడు. "ఏం పోలా మామా. రికవరీ ఉపసంఘం ఏస్తాం."

ఉపసంఘం భోజనాల్లోపే పని ముగించింది. బోర్డులు రాసేవాణ్ణి పిలిచి, 'శ్రీ' పక్కన తెల్ల పెయింటుతో, ఎంత తుడిచినా పోకుండా రాయించింది: ప్రకాశరావు.

"చూడు మామా, అత్త తప్పు కూడా దిద్దినాం."

ప్రకాశరావు చూశాడు. "ఇది నా పేరు కాదు," అని బస్టాండు వైపు నడిచాడు.

వయసుతో వచ్చే మతిమరుపు కింద సంఘం ఆయన్ని పెద్దమనసుతో క్షమించింది. మ్యూజియం అన్ని రోజులూ తెరిచే ఉంటుంది, తప్పక వెళ్లండి. పలకను ఫోటో తీసుకోవచ్చు, అభ్యంతరం లేదు. ఫోన్‌లో జాగా లేదని వస్తే పాతవి నాలుగు చెరిపేయండి. ఎవరివో చూడనక్కర్లేదు.