రెండు నల్ల చక్రాలు, నలభై రెండు ప్రశ్నలు

గురువారం ఉదయం గిరిప్రసాద్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి కొరియర్ అతను నాచారంలోని తమ మందుల ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వస్తాడు. తను టీకి వెళ్తున్నట్టు బయటికి వెళ్ళి పెట్టె అందుకుంటాడు. దాన్ని కారులో పెట్టి, పైన దుప్పటి కప్పి, సాయంత్రం ఉప్పల్‌లోని ఇంటికి చేరుస్తాడు. ఆదివారం పందెం మొదలయ్యే ముందు సుష్మకు చూపిస్తాడు. ఇందులో తేడా రావడానికి ఏమీ లేదని అతని నమ్మకం.

పందెం అతని భార్య సుష్మది. స్కూల్లో లెక్కలు చెప్పే ఆవిడ నలభయ్యో ఏట సైకిలెక్కింది. మొదటి నెలలో మెట్రో స్టేషన్ దాకా వెళ్ళి ఆయాసపడుతూ తిరిగొచ్చేది. నాలుగేళ్ళయ్యేసరికి, స్కూలు గంట కొట్టకముందే ఘట్‌కేసర్ దాకా వెళ్ళి వచ్చి, స్నానం చేసి, చీర కట్టుకుని, టిఫిన్ డబ్బా సర్దుకుంటోంది. పోయినేడాది నలభై దాటిన ఆడవాళ్ళ పందెంలో పదకొండు సెకన్ల తేడాతో మూడో స్థానం తప్పిపోయింది. ఆవిడ నవ్వేసి ఊరుకుంది. గిరిప్రసాద్ ఊరుకోలేకపోయాడు. అతనికి సైకిల్ తొక్కడం రాదు. అరటిపళ్ళ సంచీ పట్టుకుని రోడ్డు పక్కన నిలబడి, భార్య వస్తుంటే గొంతు పోయేలా అరవడం అతని పని. ఆ పని చాలా శ్రద్ధగా చేసేవాడు.

ఆ పదకొండు సెకన్లు ఎక్కడ పోయాయా అని వెతుకుతూ అతను చక్రాల దగ్గర ఆగాడు. గాలిని చీల్చుకుపోయే కార్బన్ చక్రాలుంటాయట. పేరున్న కంపెనీలవి కొనాలంటే రెండు స్కూటర్లు అమ్మాలి. పేరు వినని చిన్న ఫ్యాక్టరీలు అలాంటివే అందులో ఐదో వంతు ధరకు చేస్తాయి. గిరిప్రసాద్ పర్చేజ్ ఆఫీసర్. చైనాలో సముద్రం పక్కనున్న, తనకే నోరు తిరగని పేరుగల ఒక చిన్న ఫ్యాక్టరీకి మూడు నెలల్లో నలభై రెండు ప్రశ్నలు రాశాడు. పొరలు ఎలా పేరుస్తారు? ఎండకు జిగురు కరుగుతుందా? బ్రేకు దీనికి సరిపోతుందా? పగిలితే ఎవరిది బాధ్యత? అక్కడున్న ఒకావిడ అన్నిటికీ ఫోటోలతో, ఓపిగ్గా జవాబులిచ్చింది. వాటిని ప్రింటు తీసి, నంబర్లు వేసి, ఫైలు కట్టాడు. ఉద్యోగం నేర్పిన అలవాటు.

అదే అలవాటుతో ఉత్తరాల కింద తన హోదా, కంపెనీ చిరునామా కూడా రాశాడు.

కొరియర్ అతను పావు తక్కువ తొమ్మిదికే వచ్చేశాడు. పెట్టె మీద పెద్ద అక్షరాలతో ‘కార్బన్’ అనీ, దాని కింద ‘పర్చేజ్ విభాగం’ అనీ ఉంది. ఆ ఫ్యాక్టరీలో మందు ద్రావణానికి రంగు తీయడానికి నల్లటి కార్బన్ పొడి వాడతారు. స్టోర్స్ చూసే నరేందర్ పెట్టెను అటూ ఇటూ తిప్పి, పసుపు చీటీ అంటించి, లోపలికి పంపేశాడు.

"నరేందర్, నా పేరుతో ఏమైనా వచ్చిందా?" తొమ్మిదిన్నరకు వచ్చిన గిరిప్రసాద్ అడిగాడు.

"వచ్చింది సార్. కార్బన్ శాంపిల్ గదా? కొత్త పార్టీ లెక్కుంది. ల్యాబుకు పంపిన."

"ల్యాబుకా! ఎందుకు?"

"ఎందుకేంది సార్? ఇయ్యాల ఆడిట్ ఉంది. ఏ సరుకొచ్చినా గంటల ల్యాబుకు పోవాలె అని నిన్ననే గదా మీరు చెప్పిన్రు."

అది నా సొంత పార్శిల్ అనబోయి గిరిప్రసాద్ ఆగిపోయాడు. నరేందర్ వెనక గోడ మీద నోటీసు ఉంది. సొంత పార్శిళ్ళు ఫ్యాక్టరీ చిరునామాకు తెప్పించుకునేవారికి మెమో ఇవ్వబడునని అందులో రాసి ఉంది. కింద సంతకం గిరిప్రసాద్‌ది.

అతను ల్యాబుకు పరుగెత్తాడు. ల్యాబు పెద్ద ధనశ్రీ చేతులకు గ్లవుజులు వేసుకుని, బల్ల మీద నిగనిగలాడుతున్న రెండు నల్ల చక్రాల వంక అనుమానంగా చూస్తోంది.

"గిరిప్రసాద్ గారూ, పొడి పంపమంటే చక్రాలు పంపారేంటి వీళ్ళు?"

"అదీ... కొత్త రకం."

"పొడిని గట్టిగా బిళ్ళ కట్టారా?"

"ఆఁ. అలాంటిదే."

"పైగా కాగితంలో రాసినదానికంటే ఎనిమిది గ్రాములు తక్కువ తూగాయి. కంప్లైంట్ రాయనా?"

"తక్కువ తూగాయా!" గిరిప్రసాద్ మొహం వెలిగిపోయింది. "అబ్బ, ఎంత మంచివాళ్ళండీ!"

సరుకు తక్కువొచ్చిందని సంతోషించిన పర్చేజ్ ఆఫీసర్‌ను ధనశ్రీ తన సర్వీసులో చూడలేదు. ఆవిడ సొరుగులోంచి చిన్న రంపం తీసింది. "సరే, పది గ్రాములు కోసి నూరితే తెలిసిపోతుంది."

గిరిప్రసాద్ రెండు చేతులూ చాచి చక్రాల మీద వాలిపోయాడు. "కొయ్యకండి!"

"కొయ్యకుండా పరీక్ష ఎలా చేయను?"

"ఇది మందులో వేసేది కాదండీ. మెషీన్ పార్టు." ఏ మెషీనో కూడా చెప్పాలి కదా. నోటికొచ్చింది చెప్పేశాడు. "సెంట్రిఫ్యూజ్‌ది."

"ఆ మాట ముందే చెప్పొచ్చుగా," అని ధనశ్రీ రంపం కింద పెట్టి ఫోనెత్తింది. గిరిప్రసాద్ వారించేలోపే మెయింటెనెన్స్ చూసే రామస్వామికి కబురు వెళ్ళిపోయింది.

సెంట్రిఫ్యూజ్ అంటే తడి మందును గిరగిరా తిప్పి నీరు పిండే యంత్రం. అది గడగడలాడుతోందని, కొత్త చక్రం కొనమని రామస్వామి మూడేళ్ళుగా కాగితాలు పెడుతున్నాడు. ఆయన గ్రీజు చేతులతోనే వచ్చి గిరిప్రసాద్‌ను కౌగిలించుకున్నాడు.

"తమ్మీ, ఎవ్వలు పట్టించుకోలే. నువ్వు మాట జెప్పకుంట తెప్పించినవు సూడు!" ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గిరిప్రసాద్ నిజం చెప్పకుండానే ఆయన వెనక నడిచాడు.

వర్క్‌షాపులో రామస్వామి ముందుగా ఒక చక్రాన్ని చూపుడు వేలు మీద నిలబెట్టాడు. "గింత అల్కనా? బరువే లేదు!" అన్నాడు. ఇరుసు బిగించి చేత్తో ఒక్కసారి తిప్పాడు. ఆయన తెప్పించుకున్న టీ గ్లాసు ఖాళీ అయ్యేదాకా అది చప్పుడు లేకుండా తిరుగుతూనే ఉంది. వంకర కొలిచే గడియారం పెట్టి చూశాడు. ముల్లు కదిలీ కదలనట్టు కదిలింది. నమ్మలేక గడియారం మార్చి మళ్ళీ చూశాడు. చక్రాన్ని నిలబెట్టి ఇరుసు మీద వంద కిలోల బరువు మోపించాడు. చక్రం చలించలేదు.

"ముప్పై ఏండ్లాయె నేను ఈ పని జేయవట్టి," అన్నాడు మెల్లగా. "గీ పుల్లలన్ని ఒక్క తీరుగ బిగించిండు సూడు, ఒక్కటి వదులు లేదు. ఎవడోగాని, వాని చేతులకు మొక్కాలె."

గిరిప్రసాద్ ఛాతీ ఉప్పొంగింది. తన ఎంపికను ఇంతలా మెచ్చుకున్న మొదటి మనిషి రామస్వామే. మరుక్షణం ఆ మొదటి మనిషే డ్రిల్లింగ్ మెషీన్ చేతిలోకి తీసుకున్నాడు.

"అదెందుకన్నా?"

"బోల్టులకు నాలుగు బొక్కలు గావాలె గద. ఆడిటోళ్ళు వచ్చేలోపట బిగించి నడిపిస్త."

"వద్దన్నా! పొద్దున వర్జ్యం ఉంది!"

"మెషీన్‌కు వర్జ్యమేంది తమ్మీ?" అంటూ ఆయన చక్రం మీద సుద్దతో గుర్తు పెడుతుండగా, జనరల్ మేనేజర్‌ను వెంటబెట్టుకుని ఆడిటర్ లోపలికి వచ్చాడు. ఆయన పేరు పరంధామయ్య. మందులు కొనే పెద్ద కంపెనీ తరఫున వచ్చిన మనిషి. తల పూర్తిగా నెరిసింది. కాగితం లేనిదే కుర్చీని కూడా నమ్మడని పేరు.

"ఇదేమిటి?"

"సెంట్రిఫ్యూజ్ కొత్త చక్రం సార్," అన్నాడు రామస్వామి గర్వంగా.

"తయారీదారు ఎవరు? ఆ ఫైలు చూపించండి."

అందరూ గిరిప్రసాద్ వైపు తిరిగారు. ఫైలు అతని బ్యాగులోనే ఉంది. అది ఇస్తే ఉద్యోగానికి ముప్పు. ఇవ్వకపోతే, డ్రిల్లు మొన చక్రానికి జానెడు దూరంలో ఉంది. అతను ఒక్కసారి సుద్ద గుర్తు వంక చూసి, బ్యాగు జిప్పు లాగాడు.

పరంధామయ్య మధ్యలోంచి మొదలుపెట్టి చదివాడు. పావుగంట గడిచింది. తనిఖీ ఫోటోలు, పరీక్ష ఫలితాలు, నలభై రెండు ప్రశ్నలు, నలభై రెండు జవాబులు. "ఇరవై ఆరేళ్ళుగా ఆడిట్లు చేస్తున్నాను. ఇలాంటి ఫైలు చూడలేదు," అన్నాడు. జనరల్ మేనేజర్ గిరిప్రసాద్ భుజం తట్టాడు. అప్పుడు పరంధామయ్య మొదటి పేజీకి వచ్చాడు. ఇంగ్లీషులో ఉన్న ఆ ఉత్తరాన్ని తెలుగులో చెప్పుకుంటూ పైకే చదివాడు.

"‘నా భార్య వయసు నలభై నాలుగు. పోయినేడాది పదకొండు సెకన్ల తేడాతో ఓడిపోయింది. ఎదురుగాలిలో కూడా ఆమె వెనక్కి తిరగదు. తన కోసం ఏదీ అడగదు. అందుకని నేను అడుగుతున్నాను.’"

రామస్వామి డ్రిల్లింగ్ మెషీన్‌ను నెమ్మదిగా బల్ల మీద పెట్టాడు.

"సైకిల్ చక్రాలండీ," అన్నాడు గిరిప్రసాద్ నేల చూపులు చూస్తూ. జరిగిందంతా చెప్పేశాడు.

జనరల్ మేనేజర్ మొహం ఎర్రబడింది. ఆయన నోరు తెరిచేలోపు పరంధామయ్య చెయ్యెత్తాడు. "ఉండండి. మందులో వాడే కార్బన్ ఫైలు కూడా ఒకసారి తెప్పించండి."

ఆ ఫైలు వచ్చింది. అందులో మూడు కాగితాలున్నాయి. ఒకటి దీపావళి శుభాకాంక్షలు.

"భార్య సైకిల్‌కి నలభై రెండు ప్రశ్నలు," అన్నాడు పరంధామయ్య. "జనం మింగే మందుకి ఒక్కటీ లేదు. ఈ మనిషి పని చేయలేడని కాదు, మీరు చేయించుకోవడం లేదు." సరుకులు పంపే వాళ్ళందరి ఫైళ్ళూ సైకిల్ చక్రాల ఫైలు స్థాయికి రావాలనీ, గడగడలాడుతున్న సెంట్రిఫ్యూజ్‌కు వెంటనే కొత్త చక్రం కొనాలనీ రిపోర్టులో రాసి వెళ్ళిపోయాడు. ఆ ఫైళ్ళ పని మొత్తం గిరిప్రసాద్ నెత్తిన పడింది. నోటీసు ప్రకారం అతను తన మీద తనే మెమో తయారుచేసి, తనే సంతకం పెట్టి, తనే అందుకున్నాడు.

రామస్వామి మాత్రం వర్క్‌షాపు గడప మీద కూర్చుండిపోయాడు. గిరిప్రసాద్ వెళ్ళి పక్కన కూర్చున్నాడు. "తప్పయిపోయిందన్నా."

"జర బాధైంది, అబద్ధమెందుకు," అన్నాడు రామస్వామి. "ఇగ చెల్లె తొక్కేది ఎప్పుడు?"

"ఆదివారం."

"శనివారం నేనొచ్చి బిగిస్త. నువ్వు ముట్టకు."

అన్నట్టే శనివారం పొద్దున్నే ఉప్పల్‌లోని ఇంటికి వచ్చి, వరండాలో సైకిల్‌ను తలకిందులుగా నిలబెట్టి పనిలో పడ్డాడు. ఈ చక్రాలెక్కడివని సుష్మ అడగడంతో గిరిప్రసాద్ విధిలేక ఫైలు ఆవిడ చేతికిచ్చాడు. ఆవిడ మొదటి పేజీ తెరిచింది.

"ఏవండీ, నా వయసు చైనా వాళ్ళకి కూడా చెప్పారా?"

"బరువు, వయసు రాస్తే తగిన చక్రం చెప్తామన్నారు."

"బరువు కూడా రాశారా!"

రామస్వామి తల వంచుకుని పుల్లలు లెక్కపెట్టసాగాడు. సుష్మ మిగతా నాలుగు వాక్యాలూ చదివింది. మళ్ళీ చదివింది. ఫైలు మూసి లోపలికి వెళ్ళింది. కాసేపటికి పెసరట్లు వచ్చాయి. రామస్వామికి రెండు, గిరిప్రసాద్‌కు నాలుగు.

ఆదివారం తెల్లవారి ఘట్‌కేసర్ రోడ్డు మీద ఎదురుగాలి గట్టిగానే వీచింది. నరేందర్, ధనశ్రీ కూడా వచ్చారు. రామస్వామి అరటిపళ్ళ సంచీ లాక్కుని తనూ అరిచాడు. సుష్మ తల వంచుకుని, నల్ల చక్రాలు హోరెత్తుతుండగా వాళ్ళ ముందు నుంచి దూసుకుపోయింది. ఆ ఊపు చూసి గిరిప్రసాద్ అరవడం మర్చిపోయాడు. ఆవిడకు రెండో స్థానం వచ్చింది.

పతకం మెడలో పడేసరికే సైకిల్ చుట్టూ జనం మూగారు. ఏ కంపెనీవి, ఎంత బరువు, ఎక్కడ దొరుకుతాయి అని ప్రశ్నల మీద ప్రశ్నలు. గిరిప్రసాద్ ఒక్కొక్కటీ వివరిస్తుంటే, రామస్వామి వంకర కొలతలు చెబుతున్నాడు. ధనశ్రీ ఎనిమిది గ్రాముల సంగతి చెబుతోంది. సుష్మ నేల మీద కూర్చుని, బూట్లు విప్పి, పిక్కలు ఒత్తుకుంటూ కాసేపు విన్నది.

"కాళ్ళు మాత్రం ఉప్పల్‌లోనే తయారయ్యాయండీ," అంది.