దున్నని మడి మహిమ

నాగలి కనిపెట్టినవాడు మానవజాతికి తీరని ద్రోహం చేశాడు!

నమ్మరా? సముద్రాలు దాటి మా పాయింట్ కుక్ ఇంటికి రండి. పెరట్లో, రెండు మంచాలంత స్థలంలో, మా ఆవిడ నీరజ మూడు మళ్ళు బార్లీ వేసింది. తను పైర్ల శాస్త్రవేత్త. ఒక మడి లోతుగా తవ్వింది. రెండోది పైపైన గీకింది. మూడోది మూడేళ్ళుగా తవ్వనే లేదు. పోయినేటి కోత మోళ్ళ మధ్యే సన్నటి గాట్లు పెట్టి విత్తుతుంది. కదపకపోతే నేలలో తేమ నిలుస్తుందట, వానపాములు వర్ధిల్లుతాయట.

సోమరితనానికి యూనివర్సిటీ స్టాంపు! ఇంకేం కావాలి?

ఆ రోజు నుంచి నేను దేన్నీ కదపలేదు. గ్యారేజీ కదపలేదు. ఫ్రిజ్‌లో అడుగు అర కదపలేదు; అక్కడ కూడా ఏవో వర్ధిల్లుతున్నాయి. మూడు వారాలుగా నీరజ ఎందుకు మౌనంగా ఉంటోందో అసలే కదపలేదు. మనసూ నేలే కదండీ! తవ్వితే తేమ పోదూ?

ఈ జూన్‌లో మా మామగారు హనుమయ్యగారు ఒంగోలు నుంచి వచ్చారు. నలభై ఏళ్ళు సేద్యం చేసిన మనిషి. మూడో మడి చూడగానే ఆయనకు తల కొట్టేసినట్టయింది. మర్నాడు మేం లేచేసరికి ఆ మడి దూదిపరుపులా మెత్తగా ఉంది. మొలకలన్నీ మట్టి కింద!

"నాన్నా! త్రీ ఇయర్స్ డేటా నాన్నా!"

"మోళ్ళు కూడా తియ్యకుండా ఇత్తనాలేస్తే నలుగురూ నవ్వరా తల్లీ?"

"ఇక్కడ నలుగురెవరు? ఫెన్స్ అవతల డేవ్ ఒక్కడేగా!" అని నవ్వబోయి నీరజ భోరుమంది. ఆ కాస్త మడికి అంత ఏడుపు అక్కర్లేదు.

ఆయన పార కింద పెట్టారు. "ఇది బార్లీ కోసం ఏడుపు కాదు. ఏందమ్మా, ఏమైంది?"

ఒక్క ప్రశ్న! అంతా బయటికొచ్చేసింది. హోర్షమ్‌లో గోధుమ పరిశోధన ఉద్యోగం వచ్చిందట. ఇక్కడికి మూడున్నర గంటల డ్రైవు. శుక్రవారంలోగా చెప్పాలట. వెళ్ళాలని ప్రాణం లాగుతోందట.

"మరి అల్లుడేమన్నాడు?"

"ఏమైందని అడిగితే కదా, చెప్పడానికి!"

గుమ్మంలో టీ కప్పుతో నిలబడి అన్నీ విన్నాను. అప్పుడూ కదల్లేదు.

పాఠకులారా, నా సిద్ధాంతం మారలేదు. దున్నకండి! బార్లీ బ్రహ్మాండంగా పండుతుంది. దానికెవరూ వేరే ఊళ్ళో ఉద్యోగమివ్వరు.

నీరజను అడగాల్సింది ఒక్కటే: "నేనూ వస్తే ఇబ్బందా?"

ఇవాళ గురువారం. గొంతు సవరించుకుంటున్నాను.