ఆగిపోయిన ఎస్కలేటర్ మహిమ

నగరానికి పెద్దాసుపత్రి కావాలంటారు, ఫ్లైఓవర్లు కావాలంటారు, మెట్రో కావాలంటారు. కావాలి, నేను కాదనను. కానీ వీటన్నిటికంటే ముందు ప్రతి నగరానికీ చక్కగా దివాలా తీసిన మాల్ ఒకటి ఉండి తీరాలి! కార్పొరేషన్ వారు పూనుకుని వార్డుకొకటి చొప్పున మాల్ కట్టించి, రిబ్బన్ కత్తిరించిన మర్నాటి నుంచే దాన్ని జాగ్రత్తగా పాడుబెట్టాలని నా మనవి.

నవ్వుతున్నారా? నవ్వండి. బతికున్న మాల్ వల్ల మీకేం ఒరిగిందో ముందు చెప్పండి. గుమ్మంలోనే బ్యాగు తెరిచి చూపించాలి. లోపల చలికి వణకాలి. జడకు రబ్బరు బ్యాండు కొందామని వెళ్లి, బయటికి దారి తెలియక మూడంతస్తులూ తిరిగి, దోసెల పెనంతో ఇంటికొస్తాం. పోనీ, కాళ్లు లాగుతున్నాయి కదా, కాసేపు కూర్చుందామా అంటే, మాల్‌లో మీరెప్పుడైనా ఊరికే ఉన్న కుర్చీని చూశారా? కుర్చీ ఉంటే దాని ముందు టేబుల్ ఉంటుంది. టేబుల్ ఉంటే దాని మీద మెనూ ఉంటుంది.

చచ్చిన మాల్ అలాంటిది కాదు. అది మిమ్మల్ని ఏమీ అడగదు.

మా సూరత్‌లో ఉధనా దాటి సచిన్ అనే ఊరి వైపు వెళ్లే రోడ్డు మీద మోతీ మెగా మాల్ అని ఒకటుంది. మొదలుపెట్టిన రోజున బ్యాండు మేళం, బెలూన్లు, మొదటి వంద మందికి ఉచితంగా గొడుగులు. రెండేళ్లు తిరిగేసరికి బూట్ల కొట్టు ఎత్తేశారు. తర్వాత ఐస్‌క్రీమ్ వాడు పోయాడు. పిల్లల ఆటల గదిలో ఏనుగు బొమ్మ తొండం విరిగింది, దానితో ఆ గదీ మూతపడింది. ఎస్కలేటర్ ఒకరోజు పెద్దగా నిట్టూర్చి ఆగిపోయింది. చివరికి మిగిలింది పెళ్లి బట్టల షోరూమ్‌లో తలల్లేని బొమ్మలు ఆరు, గేటు దగ్గర వాచ్‌మన్ సోమలింగం.

ఇక స్వరాజ్యం సంగతి. ఆవిడ నా చీరలకు ఫాల్ కుడుతుంది. వాళ్లది సిరిసిల్ల వైపు. మామగారి కాలంలోనే మగ్గాల పనికి సూరత్ వచ్చి స్థిరపడ్డారు. మరమగ్గాన్ని వాళ్లు సాంచా అంటారు. ఆవిడ భర్త గంగారాం సాయంత్రం ఏడింటికి సాంచాల దగ్గరికి వెళ్తే పొద్దున ఏడింటికి వస్తాడు. వచ్చి స్నానం చేసి, తిని, పడుకుంటాడు. ఇల్లంటే ఒకటే గది. కాబట్టి ఆ గదిలో రోజూ పొద్దున పదింటి నుంచి సాయంత్రం నాలుగింటి దాకా రాత్రి!

"నూరు సాంచాలు దడదడ మోగుతుంటె గాడ నిలబడి కునుకు తీస్తడు మేడం. ఇంట్ల చెంచ కింద పడితె లేస్తడు. ఏం చెవులో ఏమో!" అని స్వరాజ్యం వాపోయేది. కుక్కర్ కూత వేసేలోపే గరిటెతో విజిల్ పైకెత్తి పట్టుకోవడం ఆ వీధిలో ఆడవాళ్లందరికీ తెలిసిన విద్య. రాత్రి షిఫ్టు మొగుడున్న ప్రతి ఇల్లాలికీ ఉన్న ఉద్యోగం ఒక్కటే: పగలంతా ఇంట్లో లేకుండా ఉండడం.

మరి ఎక్కడుండాలి? గడప మీద కూర్చుంటే ఇంటి ఓనరమ్మ కసిరింది. గుడి పన్నెండింటికి మూస్తారు, దేవుడికీ పగటి నిద్ర ఉంది కదా. పార్కుకు పదకొండింటికే తాళం. ఆసుపత్రి హాల్లో ఫ్యాను కింద కొన్నాళ్లు కూర్చున్నారు. ఒకరోజు నర్సు వచ్చి పేషెంటు ఎవరని నిలదీస్తే, పక్కింటి ప్రమీల తడబడి తనే అని చెప్పి, బీపీ చూపించుకుని, ఉప్పు తగ్గించమన్న సలహాతో బయటపడింది.

మే నెల ఎండలో ఒకనాడు స్వరాజ్యం చీరల మూట నెత్తిన పెట్టుకుని మోతీ మాల్ ముందు నిలబడింది. సోమలింగం ముప్పై ఏళ్లు సాంచాల మధ్య పని చేసి, సగం వినికిడి అక్కడే వదిలేసి వచ్చిన మనిషి. మామూలు మాట కూడా కేకేసినట్టే చెబుతాడు.

"ఎటు పోతున్నవ్ చెల్లె?"

"ఏడికి లేదన్నా. జర నీడకు కూసుంట."

"ఆఁ?"

"కూసుంట అంటున్న!"

"కూసో, కూసో. గీడికి ఎవలొస్తుండ్రు గన్క!"

మోతీ మెగా మాల్ పునరుజ్జీవనం అలా మొదలైంది. ఏ కన్సల్టెంటూ రాలేదు, ఏ పవర్‌పాయింటూ వేయలేదు. మర్నాడు ప్రమీల వచ్చింది. వారం తిరిగేసరికి పదిమంది. వానలు మొదలయ్యేసరికి నలభై మంది.

ఆగిపోయిన ఎస్కలేటర్‌లో ఎంత మహిమ ఉందో మీకు తెలుసా? మెట్టుకొక మనిషి హాయిగా కూర్చోవచ్చు. మోకాళ్ల నొప్పులున్న వాళ్లు కింద, లేని వాళ్లు పైన. సలాబత్‌పురా బట్టల బజారు నుంచి వచ్చే చీరలకు వేలాడే దారాలు కత్తిరించి, మడత పెట్టడం వీళ్ల పని. ఆ రబ్బరు చేతిపట్టు మీద చీర పరిస్తే అంచుకు అంచు వెంట్రుకవాసి తేడా లేకుండా కలుస్తుంది. కోట్లు పెట్టి దాన్ని విదేశాల నుంచి తెప్పించిన ఇంజనీర్లకు ఈ ఉపయోగం తట్టిందా? తట్టలేదు!

బూట్ల కొట్టు అరల్లో టిఫిన్ డబ్బాలు పెట్టుకున్నారు. ఎనిమిదో నంబరు అరలో ప్రమీలది, తొమ్మిదిలో స్వరాజ్యానిది. బట్టలు వేసి చూసుకునే గదుల్లో కొక్కేలకు చీర ఉయ్యాలలు కట్టి పసిపిల్లల్ని పడుకోబెట్టారు. అద్దాల కౌంటర్ దగ్గర వాళ్లలోనే జమున అనే ఆమె అందరికీ కనుబొమ్మలు తీర్చేది. పైన కార్ల పార్కింగ్‌లో మిరపకాయలు, సగ్గుబియ్యం వడియాలు ఎండేవి. తలల్లేని బొమ్మలకు జాకెట్లు తొడిగి కొలతలు సరిచూసేవారు. బొమ్మలు ఒక్క వంకా పెట్టలేదు.

అన్నిటికంటే పెద్ద విషయం, అక్కడ వాళ్లు గట్టిగా మాట్లాడేవారు! మూడంతస్తుల ఎత్తున అద్దాల గుమ్మటం ప్రతిధ్వనించేలా నవ్వేవారు. ఏళ్ల తరబడి పగలంతా గుసగుసలాడి బతికిన ఆడవాళ్లు. గంగారాం ఇంట్లో గుర్రుపెట్టి నిద్రపోయేవాడు. ఆయన బుగ్గలు తేరుకున్నాయని స్వరాజ్యం గర్వంగా చెప్పింది.

అప్పుడు రెండు పొరపాట్లు జరిగాయి. మొదటిది వాళ్లది. రెండోది నాది.

వాళ్ల పొరపాటు ఏమిటంటే, బతుకమ్మ. మాల్ నడిబొడ్డున ఎండిపోయిన ఫౌంటెన్ ఉంది. దాన్ని రుద్ది కడిగి, బకెట్లతో నింపారు. బతుకమ్మను ఆడి ఊరుకోరు కదా, నీళ్లలో సాగనంపాలి. సూరత్‌లో అందుకు తాపీ నది దాకా ఆటోల్లో పోవాలి. ఇక్కడ చెరువే ఇంటికొచ్చింది! ఇంక ఆగుతారా? పండుగని మూడంతస్తులూ తుడిచారు. గుమ్మటానికి లైట్ల దండలు కట్టించారు. బంతిపూలు గంపల కొద్దీ తెచ్చి బతుకమ్మలు పేర్చారు. నలభై మంది నూటయాభై అయి చప్పట్లు కొడుతూ తిరుగుతుంటే, కాలేజీలో చదివే స్వరాజ్యం కూతురు ప్రసన్న పై అంతస్తు నుంచి వీడియో తీసింది.

మర్నాడు ఆ పిల్ల గంతులేసింది. "మమ్మీ, దేఖ్ నా! లాఖ్ వ్యూస్ అయినయ్! తూ ఫేమస్ హో గయీ!"

నా పొరపాటు, ఇదంతా చూసి పొంగిపోయి, మూతపడిన మాల్‌కు ప్రాణం పోసిన మహిళలంటూ ఒక వ్యాసం రాయడం. నాలుగు చోట్ల 'స్ఫూర్తి' అన్నాను. రెండు చోట్ల 'నవోదయం' అన్నాను. భగవంతుడు నన్ను క్షమించుగాక.

జనం చూడ్డానికి వచ్చారు. చూడ్డానికి వచ్చిన జనం చాయ్ అడుగుతారు, కాబట్టి చాయ్ కొట్టు వచ్చింది. చాయ్ పక్కన శనగపిండి ఖమణ్ బండి వచ్చింది. ఖమణ్ పక్కన మొబైల్ కవర్లు వచ్చాయి. నాలుగేళ్లుగా అటు తొంగి చూడని ఓనరు కిశోర్‌భాయ్ కారు దిగాడు. తళతళలాడే నేలను చూసి ఆయన కళ్లు చెమర్చాయి.

"బహుత్ సరస్, బెన్! యే మాల్ ఆప్ హీ కా హై!" అని స్వరాజ్యానికి శాలువా కప్పాడు.

ఇక్కడ ఒక్క మాట. ఓనరు నోట మాల్ మీదేనని వింటే మనలాంటి వాళ్లం మర్యాదకన్నాడనుకుంటాం. స్వరాజ్యం నిజమనుకుంది. ఆ రాత్రి డ్యూటీకి వెళ్లే గంగారాంతో, "ఇగ నీ నిద్రకు ఢోకా లేదు" అని చెప్పి పంపింది.

తర్వాత పతంగుల పండుగ సేల్ అన్నారు. అద్దాల తలుపులు వచ్చాయి, ఏసీ వచ్చింది. ఒకరోజు మధ్యాహ్నం మెకానిక్ వచ్చి, గేటు దగ్గర సోమలింగంతో ఎస్కలేటర్ మీద ఉన్నవాళ్లను లేపమని చెప్పి లోపలికి పోయాడు. సోమలింగానికి వినపడలేదు. వినపడినట్టే తలూపాడు. మెకానిక్ బటన్ నొక్కాడు.

చీరలతో, కత్తెరలతో, తెరిచిన టిఫిన్ డబ్బాలతో ఆడవాళ్లు కూర్చున్నవాళ్లు కూర్చున్నట్టే పైకి లేచారు! రథం కదిలినంత గంభీరంగా. "ఓ సోమలింగమన్నా, ఆపే!" అని ఒకరు, "నా పప్పు, నా పప్పు!" అని ప్రమీల. ఒక్కొక్కరే పై అంతస్తుకు చేరి, లేవలేక ఒకరి ఒళ్లో ఒకరు పడ్డారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. చేతిపట్టు మీద పరిచిన చీరను మాత్రం తిరిగే పట్టీ తనతో పాటు లాక్కుపోయి మింగేసింది.

వాళ్లంతా కలిసి ఆ మాల్‌లో కూర్చున్నది అదే చివరిసారి.

మర్నాడు సోమలింగం స్థానంలో నీలం యూనిఫాం కుర్రాళ్లు ముగ్గురు నిలబడ్డారు. కత్తెరలు లోపలికి నిషేధం. మూటలు నిషేధం. స్టీలు బెంచీలు వేశారు కానీ, ముందుకు వాలుగా. కూర్చుంటే మెల్లగా జారిపోతాం. ఆ బెంచీ కనిపెట్టినవాడు ఎంత మేధావి!

గుమ్మం పక్కన గోడ నిండా స్వరాజ్యం ఫొటో పెట్టారు, పన్నెండడుగుల ఎత్తున, చప్పట్లు కొడుతూ. కింద, 'మన బస్తీ, మన మాల్'. దాని పక్కనే నా వ్యాసం, గుజరాతీలోకి మార్పించి ఫ్రేము కట్టించి మరీ!

ఆ ఫొటో కిందే కొత్త కాపలాదారు స్వరాజ్యాన్ని ఆపాడు. "క్యా లేనా హై?"

"ఏం లేదు భయ్యా. కూసోవాలె."

ఎలాగో ఫుడ్ కోర్టు దాకా వెళ్లి కూర్చుంది. టోపీ పెట్టుకున్న అమ్మాయి పలక లాంటి యంత్రంతో వచ్చి నిలబడింది. తెలుగు పిల్లే.

"ఆర్డర్, ఆంటీ?"

"గా ఫొటోల ఉన్నది నేనే బిడ్డా."

అమ్మాయి తిరిగి చూసింది. "అరే, సహీ మే! బాగొచ్చింది ఆంటీ ఫొటో." మళ్లీ యంత్రం మీద వేలు పెట్టింది. "ఆర్డర్?"

ఆ సాయంత్రం స్వరాజ్యం నా ఇంటికి వచ్చింది. మంచినీళ్లిచ్చినా ముట్టుకోలేదు.

"మీరు రాయకుంటె ఏం పోయేది మేడం?"

"మంచి జరుగుతుందని రాశాను స్వరాజ్యం."

"జరిగింది గద! మాల్‌కు మంచి జరిగింది." గొంతు తగ్గించి అంది, "మళ్ల పిల్లలు ఇంట్లనే. నేనూ ఇంట్లనే. ఆయనకు నిద్ర లేదు. మొన్న సాంచా కాడ కునికిండట. పక్కోడు గుంజకుంటె చెయ్యి పోయేది."

ఈమధ్య 'స్ఫూర్తి' అనే మాట రాయడం మానేశాను. అంతే.

కానీ పాఠకులారా, నిరాశ వద్దు! నిన్న ఫాల్ కుట్టిన చీరలు ఇవ్వడానికి వచ్చిన స్వరాజ్యం ముఖం వెలిగిపోతోంది. ఇంకో మాల్ దొరికిందట. బూట్ల కొట్టు పోయిన నెలలోనే ఎత్తేశారు. ఐస్‌క్రీమ్ వాడు బోర్డు దింపుతున్నాడు. సోమలింగానికి అక్కడ వాచ్‌మన్ ఉద్యోగం కూడా దొరికింది. ఎస్కలేటర్ ఇంకా నడుస్తోందట కానీ, ప్రమీల చెవి పెట్టి విని ఎక్కువ రోజులు లేదని తేల్చిందట.

ఆ మాల్ పేరు నేను చచ్చినా రాయను. మీకు దారిలో కనిపిస్తే మాత్రం దయచేసి తల తిప్పుకుని వెళ్లిపోండి. మెచ్చుకోవద్దు. ఫొటోలు తీయొద్దు. ఫ్యాను కింద నలభై కుర్చీలు వేసి, ఏం తీసుకుంటారని ఎవరూ అడగని గది ఒకటి ఈ నగరంలో కడతారేమోనని అడగవచ్చు కదా అంటారా? కార్పొరేషన్ వారిని అడిగి చూశాం. అంత పెద్ద ప్రాజెక్టుకు స్థలం లేదన్నారు. మాల్ దివాలా తీయడమే తేలిక.

కాబట్టి డిస్కౌంటు ఎంత ఉన్నా అక్కడ ఏమీ కొనకండి. మీరు ఒక జత చెప్పులు కొంటే, ఇక్కడ గంగారాం నిద్ర చెడుతుంది.